తడి ఆరేదాకా ఆగుదాం

2021 మే నెల, కరోనా కాలంలో రెండో వేసవి. అంతకు ముందు ఏడాది మార్చిలో బడులు మూసినప్పుడు పదిహేను రోజుల్లో తెరుస్తారులే అనుకున్నాం. తెలంగాణలో అయిదో తరగతి లోపు పిల్లలు అప్పటినుంచి ఆ మే దాకా బడి గేటు లోపల అడుగు పెట్టనేలేదు. ఆంధ్రలో చిన్న తరగతులు ఫిబ్రవరిలో తెరిచినట్టే తెరిచి, ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మూసేశారు. ఆ మేలో అక్కడ మధ్యాహ్నం 12 కాగానే కర్ఫ్యూ ఉండేది. తెలంగాణలో ఉదయం 6 నుంచి 10 దాకా బయటికి వెళ్ళనిచ్చేవారు, ఆపైన లాక్‌డౌన్. దొరికిన ఆ కాస్త వ్యవధిలో పాలు, కూరలు, మందులు తెచ్చుకుని తలుపు వేసుకునేవాళ్ళం. లోపల మనమూ, మన భయమూ, మన పిల్లలూ.

ఫోను చూసి చూసి కళ్ళు పాడవుతాయని ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లలకి వాటర్ కలర్స్ పెట్టె కొనిచ్చారు. మంచి పని చేశారు. చాలాకాలం బడిలో డ్రాయింగు చెప్పినదాన్ని కాబట్టి, ఆ పెట్టె తెరిచిన కొద్ది రోజులకే నాకు ఫోన్లు వస్తుంటాయి. "టీచర్‌గారూ, కాగితమంతా నీళ్ళే పోస్తోందండీ." "ఒక బొమ్మ వేయడం, నచ్చలేదని చించి ఉండ చుట్టేయడం, ఇదే పని." "పూలూ కొండలూ వేయవే అంటే అంతా నల్లగా పులిమేస్తోంది. ఎందుకంటారు?" ఈ చివరి ప్రశ్న అడిగేటప్పుడు తల్లుల గొంతు తగ్గుతుంది. నిజానికి మూడు ప్రశ్నల వెనకా ఉన్నది ఒకటే: మా బిడ్డ బాగానే ఉన్నట్టేనా?

ముందు ఆ భయం సంగతి మాట్లాడుకుందాం. నీళ్ళు పోయడం, చించేయడం, నల్లరంగు పులమడం, ఈ మూడూ చక్కగా ఆడుతూ పాడుతూ ఉన్న పిల్లలు కూడా చేసే పనులే. ఒక్క కాగితం చూసి కంగారు పడాల్సిన పని లేదు. కాకపోతే ఆ ఏడాదిలో పిల్లలు పోగొట్టుకున్నది చాలా ఉంది. బడి అంటే వాళ్ళకి పాఠాలు మాత్రమేనా? పక్కన కూర్చునే స్నేహితురాలు, ఇంటర్వెల్లో ఉప్పూకారం అద్దుకుని పంచుకున్న జామకాయ, ఆటలో వచ్చిన కొట్లాట, మర్నాటికి దాన్ని మరిచిపోవడం, ఇవన్నీ బడే. అవన్నీ ఒక్కసారిగా పోయాయి. పెద్దవాళ్ళం మనకి దిగులుగా ఉంటే ఎవరికో ఒకరికి ఫోన్ చేసి చెప్పుకుంటాం. ఏడేళ్ళ బిడ్డకి ఆ మాట చెప్పడం రాదు. కడుపులో నొప్పంటుంది, బోరు కొడుతోందంటుంది, తమ్ముణ్ణి గిల్లుతుంది. లేదా కాగితం మీద గ్లాసెడు నీళ్ళు పోస్తుంది.

ఇక్కడ కొంచెం కష్టమైన మాట ఒకటి చెప్పుకోవాలి. మనలో చాలామందిమి రంగుల పెట్టె ఇచ్చింది బొమ్మ కోసం కాదు, ఒక గంట ప్రశాంతత కోసం. ఆఫీసు మీటింగు నడుస్తుంటుంది, పొయ్యి మీద పాలు ఉంటాయి, వెనక గదిలో ఎవరికో జ్వరం. గంటసేపు ఊపిరి పీల్చుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ తనకి ఏదైనా ఇచ్చారా, లేక ఏదో ఇచ్చి పక్కకి పంపించారా అన్నది పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. అందుకే నేను మొదట అడిగేది ఒకటే. మొదటి పది నిమిషాలు పక్కన కూర్చోండి. ఏమీ నేర్పొద్దు. కూర్చోండి చాలు. ఆ తరువాత లేచి మీ పని చూసుకున్నా, ఆ గంటంతా మీరు దగ్గర ఉన్నట్టే ఉంటుంది బిడ్డకి.

ఇక సామాను సంగతి. "వీడికి ఓపిక లేదండీ, చించేస్తాడు" అని చెప్పేవాళ్ళని నేను ఏ కాగితం ఇచ్చారని అడుగుతాను. ఎక్కువగా వచ్చే జవాబు ప్రింటరు కాగితం. అది 70, 75 జీఎస్‌ఎం ఉంటుంది, అంటే చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు. దాని మీద తడి బ్రష్షు రెండుసార్లు తిప్పితే నూగు లేస్తుంది, ముడతలు పడుతుంది, రంగు అంతా గుంటలోకి చేరుతుంది. అది కాగితం లోపమని పిల్లవాడికి తెలియదు. తనకే చేతకాలేదనుకుంటాడు, అందుకే చించుతాడు. వాటర్ కలర్స్ కోసమే చేసిన 300 జీఎస్‌ఎం కాగితం దొరికితే ఒక పెద్ద షీటు తెచ్చి ఎనిమిది ముక్కలు చేయండి. చిన్న ముక్క అయితే పిల్లలకి బెదురు ఉండదు, ఖర్చూ కలిసొస్తుంది. దొరక్కపోతే మందంగా ఉండే డ్రాయింగ్ షీటు. అదీ లేకపోతే పెళ్ళి శుభలేఖల వెనకవైపు, నున్నగా మెరవనివి ఏరి ఇవ్వండి. కాగితాన్ని పరీక్ష అట్ట మీద పెట్టి నాలుగువైపులా టేపు అంటిస్తే తడికి ముడుచుకోదు. 

రంగుల పెట్టెతో వచ్చే సన్నటి బ్రష్షుతో పిల్లలు గీకుతారు తప్ప వేయలేరు. ఎనిమిదో నంబరో పదో నంబరో గుండ్రటి బ్రష్షు ఒకటి, మూడో నంబరుది ఇంకొకటి ఉంటే చాలు. నీళ్ళకి రెండు గ్లాసులు పెట్టండి, ఒకటి బ్రష్షు కడగడానికి, ఒకటి శుభ్రమైన నీళ్ళకి. తుడుచుకోవడానికి పాత నూలు చీర ముక్క. కింద పాత న్యూస్‌పేపర్లు పరచండి. "అయ్యో, నేల!" అన్న కేక ఒక్కటి చాలు, ఆ పూటకి బొమ్మ ఆగిపోతుంది. ఆ కేక మన నోటి నుంచి రాకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం మన చేతిలో పని.

డబ్బులు కష్టంగా ఉన్న ఇళ్ళూ ఎన్నో. ఆ ఇళ్ళలో పిల్లలకి రంగులు లేవని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. పసుపు కలిపిన నీళ్ళు మంచి రంగు. ఆ పసుపు పూత మీద సబ్బునీళ్ళలో ముంచిన బ్రష్షు తిప్పితే అది కళ్ళముందే ఎర్రబడుతుంది. మన పారాణిలో పసుపుని సున్నం ఎర్రబరచడం వెనక ఉన్నదీ ఇదే గుణం. పెరట్లో శంఖుపూలు ఉంటే వేడినీళ్ళలో వేయండి, నీలం దిగుతుంది. అందులో నిమ్మరసం పిండితే ఊదాకి, ఆపైన గులాబీకి తిరుగుతుంది. టీ డికాషన్, బీట్‌రూటు రసం, వడకట్టిన ఎర్రమట్టి నీళ్ళు, బొగ్గుపొడి, అన్నీ పనికొస్తాయి. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుందని ముందే చెప్పండి, లేకపోతే వారం తరువాత చూసి దిగులు పడతారు. ఇవేవీ కుదరని రోజున సాయంత్రం డాబా మీదో వాకిట గచ్చు మీదో చెంబుడు ఉత్త నీళ్ళూ, ఒక బ్రష్షూ ఇచ్చి చూడండి. వేసిన బొమ్మ నిమిషాల్లో ఆరి మాయమవుతుంది, మళ్ళీ కొత్తది వేస్తారు. బాగుందా లేదా అన్న గొడవే రాదు. భయంతో బిగుసుకుపోయిన పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే.

పిల్లలకి ఇవ్వదగ్గ రంగుల్లో క్రేయాన్లు ఉన్నాయి, స్కెచ్‌పెన్నులు ఉన్నాయి. అవి చెప్పినట్టు వింటాయి. నీటిరంగు వినదు. గీత దాటి పాకుతుంది, పక్క రంగుతో కలుస్తుంది, ఒకసారి పడ్డాక రబ్బరు పెట్టి చెరపడానికి ఉండదు. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి ఆరాక లేతబడుతుంది. తెలుపు కావాలంటే ఆ చోట రంగు వేయకుండా కాగితాన్నే వదిలేయాలి. ఇవన్నీ దాని కష్టాలు. ఆ రోజుల్లో నేను దాన్నే ఇవ్వమనడానికి కారణమూ ఇవే. ఏదీ మన చెప్పుచేతల్లో లేని కాలం అది. చెప్పుచేతల్లో లేనిదానితో కూడా హాయిగా ఆడుకోవచ్చని బిడ్డకి చేతివేళ్ళతో తెలిసే చోటు ఆ కాగితం.

ఆ ఆట మొదలుపెట్టడానికి మనం రెండు మూడు దారులు చూపిస్తే చాలు. కాగితం మొత్తం ఉత్త నీళ్ళతో తడిపి, దాని మీద ఒక్క నీలం చుక్క వేయమనండి. అది ఎలా వ్యాపిస్తుందో కలిసి చూడండి. దాని పక్కన పసుపు చుక్క వేస్తే రెండూ కలిసే చోట ఆకుపచ్చ పుడుతుంది. తెల్ల కొవ్వొత్తితో కనబడకుండా ఏదైనా గీసి, దాని మీద రంగు పూయమనండి. మైనం ఉన్నచోట రంగు అంటదు, గీసింది బయటపడుతుంది. అక్కాతమ్ముళ్ళు ఒకరికొకరు రహస్య సందేశాలు రాసుకోవడానికి ఇది భలే సరదా. తడి రంగు మీద నాలుగు రాళ్ళ ఉప్పు పలుకులు చల్లి ఆరనిస్తే, ప్రతి పలుకు చుట్టూ రంగు పీల్చుకుని చుక్కల్లాంటి గుర్తులు మిగులుతాయి. పండిన మామిడాకు ఒకటి ముందు పెట్టి అందులో ఎన్ని రంగులున్నాయో చూడమనండి. ఆకంటే ఆకుపచ్చ అని నేర్పింది మనమే. చూస్తే అందులో పసుపు, ఎరుపు, గోధుమ, ఊదా కూడా కనిపిస్తాయి.

ఈ పనులన్నిటిలోనూ ఒక చోట ఆగక తప్పదు. పూత ఆరేదాకా రెండో పూత వేయకూడదు, వేస్తే బురద అవుతుంది. ఆగడం పిల్లలకి కష్టం. మనకి ఇంకా కష్టం. తడిగా ఉండగానే "ఇక్కడ చెడిపోయింది చూడు" అని వేలు పెడతాం. ఆవకాయ సంగతే చూడండి. కలిపిన రోజే రుచి చూసి బాగాలేదని తీర్పు చెప్పం గదా, మూడోనాడు తిరగ కలిపేదాకా ఆగుతాం. బిడ్డ బొమ్మకి కూడా ఆ పాటి గడువు ఇద్దాం.

"వీడి వయసు పిల్లలు యూట్యూబ్‌లో ఎంత బాగా వేస్తున్నారో" అన్న బెంగ ఒకటి తరచుగా వింటుంటాను. పిల్లల బొమ్మలకి కూడా నడక నేర్చినట్టు ఒక వరస ఉంది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో చిత్రకళా బోధన మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో రాసిన పుస్తకంలో ఆ వరసని వివరంగా చెప్పాడు. రెండు నుంచి నాలుగేళ్ళ లోపు గీసేవన్నీ పిచ్చిగీతల్లాగే ఉంటాయి, వాళ్ళ ఆనందం చెయ్యి కదపడంలోనే. నాలుగేళ్ళు దాటాక గుండ్రటి తలా, తలకే అతికించిన కాళ్ళూ వస్తాయి. ఏడు నుంచి తొమ్మిది మధ్య అడుగున నేల గీత, పైన ఆకాశం పట్టీ, మధ్యలో ఖాళీ. ఇంటికి గోడ ఉన్నా లోపలి మనుషులు కనిపిస్తుంటారు. తొమ్మిది దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. నిజంగా ఉన్నట్టే రావాలని కోరిక పుడుతుంది, చెయ్యి అంత దూరం రాదు. "నాకు బొమ్మలు రావు" అని పిల్లలు బ్రష్షు పక్కన పడేసేది చాలావరకు ఈ వయసులోనే. అంటే మీ పదేళ్ళ అమ్మాయి చించిన కాగితాలు బద్ధకానికి గుర్తు కావు, తన కన్ను తన చేతికంటే ముందుకి వెళ్ళిందని చెప్పే గుర్తు. అప్పుడు ఆమెకి కావాల్సింది పోలిక కాదు, తోడు.

చిన్నపిల్లల బొమ్మల్లో కొలతలు మన కొలతలు కావు. వాళ్ళ మనసులో ఏది పెద్దదో కాగితం మీద అది పెద్దది. తలుపు కంటే తాళం పెద్దదిగా ఉండొచ్చు. నాన్న ముఖంలో సగం మాస్కే ఉండొచ్చు. ఒంటినిండా ముళ్ళున్న గుండ్రటి కరోనాకి పళ్ళూ కోపంగా చూసే కళ్ళూ పెట్టి, దాని ఎదురుగా కత్తి పట్టుకుని తను నిలబడొచ్చు. కంటికి కనబడని శత్రువుకి ఒక ముఖం ఇచ్చుకుని, దానితో పోరాడి గెలిచే చోటు ఇంట్లో ఆ ఒక్క కాగితమే. "వైరస్‌కి కళ్ళుంటాయా?" అని మనం అక్కడ సైన్సు పాఠం మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు ఇంకో కష్టమైన మాట. బొమ్మ బిడ్డది. ఈ సంగతి మనందరికీ తెలుసు, కానీ మన చేతులకి తెలియదు. "ఇలా ఇవ్వు, ఈ ఒక్క అంచు సరిచేస్తాను" అంటూ బ్రష్షు తీసుకుంటాం. నిమిషంలో అంచు బాగుపడుతుంది. బిడ్డకి మాత్రం తను వేసింది చాలదని తెలుస్తుంది. ఆ తరువాత ఆన్‌లైన్ పోటీలు. ఆ ఏడాది ఎన్ని పోటీలో, ఎన్ని సర్టిఫికెట్లో! "కరోనాపై పోరాటం" అని అంశం ఇచ్చేవారు, సాయంత్రం అయిదింటికల్లా పంపాలనేవారు, ఇంట్లో అమ్మా నాన్నా కలిసి పూర్తిచేసేవారు. వచ్చిన బహుమతి ఎవరిదో పిల్లలకి తెలుసు. బొమ్మ ఆరకముందే ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడమూ ప్రేమే, కాదనను. కానీ అలా పెట్టినకొద్దీ పిల్లలు స్టేటస్‌కి పనికొచ్చే బొమ్మలే వేయడం మొదలుపెడతారు. సూర్యుడు, రెండు కొండలు, కొబ్బరిచెట్టు. ఇక తమ భయాన్నీ కోపాన్నీ కాగితం మీద పెట్టరు. పెట్టే ముందు ఒక్క మాట అడగండి: "ఇది అందరికీ చూపించనా, మనిద్దరికేనా?" వద్దంటే ఊరుకుందాం.

మెచ్చుకోవడం గురించి కూడా చెప్పాలి. తల ఎత్తకుండా "సూపర్ నాన్నా!" అనడం మనకి అలవాటైపోయింది. బొమ్మ చూడకుండా అన్న మాట అని పిల్లలు కనిపెడతారు. దానికి బదులు నిజంగా చూసి, కనిపించింది చెప్పండి. "ఇక్కడ నీలం మెల్లగా లేతబడుతూ వచ్చింది." "ఈ పిల్లి తోక కాగితం బయటికి పోయిందే!" అంతే. బాగుంది, బాగాలేదు అన్న తీర్పే అక్కర్లేదు. "ఏమిటిది?" అని అడిగితే జవాబు చెప్పలేక బిడ్డ ఇబ్బంది పడుతుంది. "దీని గురించి చెప్తావా?" అని అడిగితే కథ వస్తుంది. రాకపోయినా ఫరవాలేదు. కొన్ని బొమ్మలకి కథ ఉండదు.

అన్నిటికంటే మంచిది, మనమూ ఒక కాగితం తీసుకుని పక్కన వేయడం. రాకపోయినా సరే. దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా బొమ్మలు వేసేవాడు. ఆయన ప్రోత్సాహంతో ఎదిగిన పిల్లల్లో చిత్రకారుడు దామెర్ల రామారావు ఉన్నాడు, అడివి బాపిరాజు ఉన్నాడు. రామారావు చేతిలో ఉన్నదేమిటో గుర్తుపట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకునేలా చేసింది ఆయనే. ఆ రామారావుని 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే మశూచి తీసుకుపోయింది. ఆనాటి మహమ్మారి అది. ఆయన బొమ్మలు రాజమండ్రి చిత్రశాలలో ఇవాళ్టికీ ఉన్నాయి. మన పిల్లలంతా చిత్రకారులు అవుతారని ఈ సంగతి చెప్పడం లేదు, అవనక్కర్లేదు కూడా. రంగులంటే ఇష్టమున్న పెద్దమనిషి ఒకరు దగ్గర ఉండటం పిల్లలకి ఎంత బలమో చూడమని చెబుతున్నాను.

ఇక ఆ నల్లరంగు. కొన్నిసార్లు దానికి కారణం చాలా మామూలుది. మిగతా బిళ్ళలన్నీ అరిగిపోయి నలుపు ఒక్కటే మిగిలి ఉంటుంది. అన్ని రంగులూ కలిపితే ఏమవుతుందో చూద్దామన్న కుతూహలం కూడా కావచ్చు. రాత్రి ఆకాశం కావచ్చు. కాబట్టి నల్లబిళ్ళని పెట్టెలోంచి తీసి దాచేయకండి, "మంచి రంగులు వేసుకో అమ్మా" అనకండి. దిగులుకి కూడా ఒక రంగు ఉండాలి కదా.

అయితే ఆ రెండో వేసవి మొదటిదాని లాంటిది కాదు. మొదటి వేసవిలో జబ్బు టీవీలో ఉండేది, రెండోసారి మన వీధిలోకి, మన ఇంట్లోకి వచ్చింది. మూసిన గది తలుపు అవతల నాన్న దగ్గు వినిపిస్తుంటే, గుమ్మం దగ్గర కంచం పెట్టి వెనక్కి వచ్చేసే అమ్మని బిడ్డ చూసింది. కొన్ని ఇళ్ళలో తాతయ్యో నాయనమ్మో ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. చివరిచూపు కూడా దక్కలేదు. పిల్లలకి చెప్పడానికి నోరు రాక "తాతయ్య ఊరెళ్ళాడు" అంటాం, "నిద్రపోయాడు" అంటాం. బిడ్డని కాపాడాలనే అంటాం. కానీ ఊరెళ్ళిన తాతయ్య ఫోన్ ఎందుకు చేయడంలేదో బిడ్డకి అర్థం కాదు. తన మీద కోపం వచ్చిందేమో అనుకుంటుంది. నిద్రపోయి లేవలేదంటే, రాత్రి తను కళ్ళు మూసుకోవడానికి భయపడుతుంది. చిన్న మాటల్లో నిజమే చెప్పాలి. "తాతయ్యకి జబ్బు చాలా ఎక్కువైంది. డాక్టర్లు ఎంతో ప్రయత్నించారు. ఆయన చనిపోయాడు. ఇక రాడు. నాకూ చాలా ఏడుపొస్తోంది. నీ వల్ల ఏమీ జరగలేదు." చివరి వాక్యం మరిచిపోవద్దు. పిల్లలు చాలామంది తప్పు తమదేనేమోనని లోలోపల అనుకుంటారు. ఆ మాట చెప్పిన రోజునో, మరో పది రోజులకో, కాగితం మీద ఖాళీ మంచం కనబడవచ్చు. చూసి మీకు కన్నీళ్ళు వస్తే దాచుకోనక్కర్లేదు. పక్కన కూర్చోండి.

ఇంతకంటే చీకటి కాలంలో పిల్లల పక్కన కూర్చున్న ఒకామె సంగతి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు టెరెజీన్ అనే ఊరిని యూదులకి చెరగా మార్చారు. 1942 చివర అక్కడికి చేరిన చిత్రకారిణి ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్, ఆ చెరలోనే పిల్లలకి బొమ్మలు నేర్పింది. దొరికిన చిత్తుకాగితాల మీదే వేయించింది. చెరలో చూసినవీ, వదిలి వచ్చిన ఇళ్ళూ, తోటలూ, సీతాకోకచిలుకలూ, ఏది వేసినా సరే అంది. బొమ్మల మీద పిల్లల చేత వాళ్ళ పేరు రాయించింది. 1944లో ఆమెని ఆష్‌విట్జ్‌కి తరలించి చంపేశారు. వెళ్ళేముందు ఆమె దాచి ఉంచిన దాదాపు 4,500 బొమ్మలు ఇప్పుడు ప్రాగ్‌లో ఉన్నాయి. వేసిన పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. మన ఇల్లు ఆ చెర కాదు, ఆ బాధతో మన కష్టానికి పోలిక లేదు. అయినా అంత చీకటిలోనూ పిల్లల చేతికి రంగు ఇవ్వాలని ఆమెకి అనిపించింది చూడండి, అది మనం నేర్చుకోదగ్గది. బొమ్మ ఆరాక వెనకవైపు పేరూ తేదీ బిడ్డ చేతే రాయించండి. తను చెప్పిన మాట ఏదైనా ఉంటే ఆ మాటల్లోనే మీరు రాయండి. చించేసినవి ఉంటే ఊరుకోండి, చించే హక్కు కూడా తనదే.

రంగులు మందు కావని కూడా మనం గుర్తుంచుకోవాలి. నిద్ర సరిగ్గా పట్టకపోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఇష్టమైన ఆటలు కూడా వద్దనడం వారాల తరబడి సాగితే పిల్లల డాక్టరుతో ఫోన్‌లోనైనా మాట్లాడాలి. చచ్చిపోతాననో తనని తాను గాయపరుచుకుంటాననో అన్న మాట పెద్దపిల్లల నోట ఒక్కసారి వచ్చినా ఆగకూడదు. ఇబ్బందిలో ఉన్న పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ నంబరు ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మన పెంపకంలో లోపం ఒప్పుకోవడం కాదు. జ్వరం వస్తే తీసుకెళ్ళమా? ఇదీ అంతే.

అందరికీ ఈ సలహాలన్నీ కుదరవని నాకు తెలుసు. ఒక్క గదిలో అయిదుగురు ఉండే ఇళ్ళున్నాయి. అందరి మధ్యా ఒక్కటే ఫోనున్న ఇళ్ళున్నాయి. ఆసుపత్రిలో డ్యూటీ చేసి వచ్చి బిడ్డని తాకడానికి భయపడిన తల్లులున్నారు. రోజూ గంట కుదరకపోతే వారానికి ఒకసారి చాలు. పది నిమిషాలు కుదరకపోతే అయిదు. లెక్కపెట్టుకుని బాధపడకండి. బిడ్డ గుర్తుపెట్టుకునేది ఎన్ని నిమిషాలన్నది కాదు, ఆ నిమిషాల్లో మీరు తన కాగితం వైపు చూశారా, మీ ఫోను వైపు చూశారా అన్నది.

మూసిన బడులు మళ్ళీ తెరిచారు.  తెరవగానే మనందరికీ పట్టుకునే తొందర ఒకటుంది, పోయిన పాఠాలన్నీ ఒక్కసారిగా పూడ్చేయాలని. పొద్దున ట్యూషను, సాయంత్రం ట్యూషను, ఆదివారం టెస్టు. అప్పుడు మొదట అటక ఎక్కేది రంగుల పెట్టే. ఇంట్లో బందీలుగా ఉన్నన్నాళ్ళూ తోడు నిలిచిందాన్ని, తలుపు తెరవగానే అనవసరమని తీసేస్తే, ఆ రంగులు కాలక్షేపానికే ఇచ్చామని పిల్లలకి మనమే చెప్పినట్టు అవుతుంది. అందుకని ఇప్పుడే ఒక మాట అనుకుందాం. రేపు టైంటేబుల్ రాసే రోజున, లెక్కలకీ సైన్సుకీ ఇంగ్లీషుకీ గంటలు పంచాక, వారంలో ఒక సాయంత్రం బిడ్డ కోసం ఖాళీగా వదిలేద్దాం. ఆ సాయంత్రం ఏం వేయాలో, అసలు వేయాలో వద్దో, బిడ్డనే చెప్పనిద్దాం.